‘చేయి తిరిగిన’ గిటారిస్టు అనొచ్చా?

అనొచ్చండీ, నిక్షేపంగా అనొచ్చు. ‘చేయి తిరిగిన రచయిత’, ‘చేయి తిరిగిన వంటవాడు’ అని విని విని అందులో చెయ్యి ఉందన్న సంగతే మర్చిపోయాం గానీ, జిప్సీ జాజ్ అనే గిటార్ సంగీతం దగ్గర ఆ మాట అక్షరాలా నిజం. దానికి ఆద్యుడైన గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ బాణీలో వాయించేవాళ్ళ కుడిచెయ్యి గమనించండి. మణికట్టు వంచి గాల్లోనే ఉంచుతారు, అరచెయ్యి గిటార్ మీద ఆనించరు. కిందికి కొట్టిన దెబ్బకి పిక్ (తీగ మీటే చిన్న బిళ్ళ) ఆ తీగ దాటి పక్క తీగ మీద వాలి ఆగుతుంది. తీగ మారినప్పుడల్లా మళ్ళీ కింది దెబ్బతోనే ఎత్తుకోవాలి, అంతకు ముందుది కూడా కింది దెబ్బే అయినా సరే. ఆ గట్టి మోతంతా మణికట్టు తిరగడంలోంచి వచ్చేదే.

1934లో పారిస్‌లో మొదలైన జాంగో క్వింటెట్‌లో, అంటే అయిదుగురి బృందంలో, డ్రమ్స్ లేవు. మూడు గిటార్లు, స్టెఫాన్ గ్రాపెల్లీ వయొలిన్, ఒక బాస్, అంతే. దరువు కూడా గిటార్లే వెయ్యాలి. రెండో దెబ్బా నాలుగో దెబ్బా కొట్టీకొట్టగానే ఎడమచేతి వేళ్ళు సడలించి మోతని తుంచేస్తారు, దాన్ని ఫ్రెంచిలో ‘లా పోంప్’ అంటారు, అంటే పంపు. సోలోకి మురిసిపోయి ఈ పంపు కొట్టేవాణ్ణి లెక్కచెయ్యనివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట.

> మరి ‘సవ్యసాచి’ అంటే ఇంకా బాగుంటుంది కదండీ?

ఒప్పుకోను. సవ్యసాచి అంటే ఎడమచేత్తో కూడా బాణం వెయ్యగలవాడు, అంటే రెండు చేతులదీ ఒకటే పని. గిటార్ దగ్గర ఏ చేతి పని దానిదే. పైగా జాంగో ఎడమచేతి కథ వేరు. 1928లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, కాపురం ఉంటున్న బండి అంటుకుని ఉంగరం వేలూ చిటికెన వేలూ వంకరపోయాయి. వాటిని కొన్ని కార్డ్స్‌కి (కలిపి మోగించే స్వరాలకి) ఆసరాగా వాడుకునేవాడు తప్ప సోలోలన్నీ చూపుడు వేలు, మధ్య వేలుతోనే, గిటార్ మెట్ల మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చెయ్యంతా జరుపుకుంటూ. నాలుగు వేళ్ళూ బాగున్నవాళ్ళు కూడా ఆ పరుగు అందుకోవడానికి నానా తంటాలు పడతారు. ఆ ఎడమచేతికైతే ‘ఆరితేరిన’ అంటాను, ‘తిరిగిన’ మాత్రం కుడిచేతికే ఉంచండి.

> ‘జిప్సీ’ అనొద్దంటారు కదా, ఏం రాయాలి?

నిజమే, ఆ జనంలో, అంటే రోమానీల్లో, చాలామందికి ఆ పేరు నచ్చదు, ఈజిప్టు నుంచి వచ్చారన్న పొరపాటులోంచి పుట్టిన మాట అది. ఫ్రెంచివాళ్ళు ‘జాజ్ మానూష్’ అంటారు, జాంగో వాళ్ళది ఆ మానూష్ తెగే. రోమానీలో మనుష్ అంటే మనిషే, మన సంస్కృత మనుష్యకి చుట్టం. నేనైతే ‘మానూష్ జాజ్’ అని రాసి, మొదటిసారి మాత్రం పక్కన జిప్సీ జాజ్ అని పెడతాను, లేకపోతే వెతికేవాళ్ళకి దొరకదు.