సెయింట్ జాన్ వెళ్తున్నాం, నాన్నకు స్టెంట్ ఉంది. అక్కడ వైద్యం సంగతేంటి?

నెల్లూరు_వాణి: డిసెంబర్‌లో అమ్మానాన్నలను యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ (కరీబియన్‌లోని అమెరికా దీవులు) తీసుకెళ్తున్నాం. సెయింట్ జాన్ దీవిలో, కోరల్ బే వైపు ఇల్లు చూశాం. నాన్నకు స్టెంట్, షుగర్. విజిటర్ ఇన్సూరెన్స్ అక్కడ పనిచేస్తుందా? ఇన్సులిన్ ఎలా? బీచ్‌ల దగ్గర నడక ఎక్కువా?

ఎడిసన్_బాబాయ్: పనిచేస్తుందా అని కాదమ్మా, ఎంత ఇస్తారో చూడు. మా అత్తగారికి పక్క దీవి సెయింట్ థామస్‌లో గుండెనొప్పి వచ్చింది. మాది కాంప్రహెన్సివ్ ప్లానే. అయినా పాత జబ్బని క్లెయిమ్ కొట్టేశారు. బీపీ మాత్రలు వాడుతున్నారని డాక్టర్ రాసిన ఒక్క లైను పట్టుకున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

క్లెయిమ్స్_సుధ: ఏళ్లుగా ఇదే నా ఉద్యోగం. ‘అక్యూట్ ఆన్‌సెట్’ క్లాజు, అంటే పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే ఏం ఇస్తారన్నది, చదవండి. చాలా ప్లాన్లలో 24 గంటల్లోపు వైద్యం మొదలవ్వాలి, వయసు 70 దాటితే కవరేజీ బాగా తగ్గుతుంది లేదా అసలుండదు.

టాంపా_రాజు: ముందు కోరల్ బే మానెయ్యండి. సెయింట్ జాన్‌లో ఆసుపత్రే లేదు, మైరా కీటింగ్ స్మిత్ క్లినిక్ ఉందంతే. సీరియస్ అయితే పడవలో రెడ్ హుక్ రేవుకి దాటించి, సెయింట్ థామస్‌లో ష్నైడర్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కోరల్ బే నుంచి రేవుకు రావాలంటేనే కొండదారి, పైగా ఎడమవైపు డ్రైవింగ్. 2017లో ఇర్మా, మరియా తుపాన్లకు ఆసుపత్రి కూడా బాగా దెబ్బతింది. అక్కడా కుదరకపోతే శాన్ హువాన్‌కో మయామీకో విమానమే. అనుకోని ఆసుపత్రి బిల్లులను అడ్డుకునే కొత్త చట్టం (నో సర్‌ప్రైజెస్ యాక్ట్) వచ్చాక ఎయిర్ అంబులెన్స్ బిల్లు టెన్షన్ లేదులెండి.

క్లెయిమ్స్_సుధ: రాజుగారూ, జనం ప్రాణాల మీదికి తేకండి! 2022 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం మామూలు హెల్త్ ప్లాన్లకు. విజిటర్ ప్లాన్లకు వర్తించదు. మెడికల్ ఇవాక్యుయేషన్ (రోగిని వేరే చోటికి తరలించే ఖర్చు) మొత్తం పాలసీలో విడిగా ఉందో లేదో చూడాలి.

చికాగో_ఆది: పక్కనే టొర్టోలా దీవి. రోడ్ టౌన్‌లో పెద్దాసుపత్రి ఉంది, పడవలో వెళ్లొచ్చు. అమెరికా వీసా స్టాంపు గడువు అయిపోయినా 30 రోజుల్లోపు తిరిగొస్తే ఏం కాదు.

ఎడిసన్_బాబాయ్: తప్పు! అది బ్రిటిష్ భూభాగం. హెచ్1 (ఉద్యోగ వీసా) వాళ్లకు ఆ వెసులుబాటు కెనడా, మెక్సికోలకే.

చికాగో_ఆది: నేను వెళ్లొచ్చాను సార్. తెలియకుండా అరవకండి.

ఎడిసన్_బాబాయ్: అప్పుడు ఏ వీసా మీద ఉన్నావ్?

చికాగో_ఆది: ఎఫ్1. అయితే ఏంటి?

ఎడిసన్_బాబాయ్: అదీ సంగతి! చుట్టుపక్కల దీవుల సడలింపు ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాలకే. హెచ్1 వాళ్లు నీ మాట నమ్మి పడవెక్కితే తిరిగి ఎలా వస్తారు? వీసాల గురించి ఇలా సగం సగం చెప్పకు.

డెలావేర్_పద్మ: గొడవ ఆపండి. మా అమ్మకు మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా) ఉంది. సెయింట్ థామస్‌లో చెల్లింది. టొర్టోలా విదేశం, అక్కడ మామూలుగా చెల్లదు. వాణీ, ఇన్సులిన్ చేతి సంచిలోనే పెట్టుకో, చెక్-ఇన్ లగేజీలో వద్దు. ప్రిస్క్రిప్షన్ కూడా దాంతోనే ఉంచు.

నెల్లూరు_వాణి: థాంక్స్ అక్కా. ఇల్లు సెయింట్ థామస్‌కు మార్చేశాం. ఇవాక్యుయేషన్ మొత్తం ఎంతో కంపెనీని రాతపూర్వకంగా అడిగాను. నడక గురించి ఎవరూ చెప్పలేదు.

డెలావేర్_పద్మ: మేగెన్స్ బేకి వెళ్లండి, కారు దిగితే ఇసుకే.

కడప_శివ: మార్చిలో మేమూ వెళ్తున్నాం. మామయ్యకు డయాలసిస్. సెయింట్ థామస్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?