దూర ప్రయాణాల బైకుకు హాయైన సీటు: కొనేముందు ఏమేం చూడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. దూర ప్రయాణాలకు వాడే నా టూరింగ్ బైకు సీటు విషయంలో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. బండితో వచ్చిన సీటు మీద మొదటి గంట ఏ ఇబ్బందీ ఉండదు. గంటన్నర దాటేసరికి పిరుదుల కింద రెండు చోట్ల, ఎముక నేరుగా పలకకు తగులుతున్నట్టు నొప్పి మొదలవుతుంది. ఇక అక్కడి నుంచి ప్రతి ఇరవై నిమిషాలకూ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడక తప్పడం లేదు. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు వైపు జారిపోతున్నాను, మళ్లీ వెనక్కి జరిగి సర్దుకోవలసి వస్తోంది. నా ఎత్తు 168 సెంటీమీటర్లు; బండి మీద కూర్చుంటే మునివేళ్లు నేలకు ఆనుతాయి కాని మడమలు ఆనవు. చాలాసార్లు నా భార్య కూడా వెనుక కూర్చుని వస్తుంది. జెల్ సీటు కొనాలా, మెమరీ ఫోమ్ సీటు కొనాలా, ఉన్న సీటు మీద గాలి దిండు వేసుకుంటే చాలునా, లేక ఉన్నదానినే విప్పి కొత్త స్పాంజి పెట్టించుకోవాలా అన్నది తేలడం లేదు. అన్నింటిలోకీ మెత్తగా ఉన్నది తీసుకుందామని ప్రస్తుతానికి అనుకుంటున్నాను. తొందరపడి కొనేముందు మీ మాట వినాలని రాస్తున్నాను.

మొదటి సమాధానం

నమస్కారం అండీ. నొప్పి ఎక్కడ వస్తోందో, ఎంతసేపటికి వస్తోందో స్పష్టంగా రాశారు కాబట్టి సలహా చెప్పడం తేలికైంది. సీటు మార్చాలనుకునేవారు మొదట తేల్చుకోవలసినవి ఆ రెండే. అది ఏ పదార్థంతో చేసిన సీటు అన్నది తరువాతి మాట.

నిటారుగా కూర్చున్నప్పుడు మన పైశరీరం బరువులో ఎక్కువ భాగం కటి ఎముక అడుగున ఉండే రెండు గుబ్బల మీద పడుతుంది. మీరు చెప్పిన రెండు చోట్లూ అవే. ఆ గుబ్బల కింది కండ అదేపనిగా నలుగుతూ ఉంటే అక్కడి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తప్రసారం తగ్గుతుంది. మంట, నొప్పి అందువల్లనే పుడతాయి, లేచి నిలబడిన కాసేపటికే హాయిగా అనిపించడానికి కారణమూ అదే. మొదటి గంట బాగుండి తరువాత బాధ మొదలవుతోందంటే, స్పాంజి మీ బరువుకు మెల్లమెల్లగా అణిగిపోయి, చివరకు ఎముకకూ అడుగున ఉన్న ప్లాస్టిక్ పలకకూ మధ్య ఆపే దళసరి మిగలడం లేదని అర్థం చేసుకోవాలి.

ఈ కారణం చేత, మెత్తగా ఉన్నదే తీసుకోవాలన్న ఆలోచనను మానుకోమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసినా, ఐదు నిమిషాలు కూర్చుని చూసినా మెత్తని సీటే మనసుకు నచ్చుతుంది. కాని మూడో గంటలో మనల్ని మోసేది అణగకుండా నిలబడే స్పాంజి మాత్రమే. దూర ప్రయాణాల సీట్లకు పేరుపడ్డ కార్బిన్ వారి సీట్లు మొదట కూర్చున్నవారికి బల్ల మీద కూర్చున్నట్టుంటాయి. అయినా దూరాలు నడిపేవారిలో వాటిని ఇష్టపడేవారు చాలామంది ఉన్నారు. ఇక్కడ ఒక తేడా గమనించండి. స్పాంజి సాంద్రత వేరు, గట్టిదనం వేరు. ఘనపు మీటరుకు ఎన్ని కిలోల బరువు తూగుతుందన్నది సాంద్రత. దానిని అణచడానికి ఎంత బలం కావాలన్నది గట్టిదనం. సాంద్రతను బట్టి ప్రధానంగా మన్నిక ఉంటుంది. ఒకే సాంద్రతలో మెత్తని రకమూ గట్టి రకమూ రెండూ తయారవుతాయి కాబట్టి, అమ్మేవారు హై డెన్సిటీ అన్నంత మాత్రాన సీటు గట్టిగా ఉంటుందని అనుకోవద్దు.

గట్టిదనం తరువాత చూడవలసింది వెడల్పు. నిజానికి నా దృష్టిలో ఇదే ముఖ్యం. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. గట్టి బల్ల మీద కార్టన్ పెట్టె అట్ట ముక్కను పరిచి, మోకాళ్లు తుంటికన్నా కొద్దిగా పైకి ఉండేలా పాదాల కింద ఏదైనా ఎత్తు పెట్టుకుని, బైకు మీద ఎంత వంగి కూర్చుంటారో అంతే వంగి ఒక నిమిషం కదలకుండా కూర్చోండి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. కనిపించకపోతే వేలితో తడిమితే తెలుస్తాయి. వాటి నడిమి బిందువుల మధ్య దూరం కొలిచి, ఆ కొలతను మీ సీటు మీద మీరు కూర్చునే చోట సుద్దతో గుర్తు పెట్టండి. రెండు గుర్తులూ చదునైన భాగంలో పడి, వాటికి అటూ ఇటూ ఇంకా కొంత చోటు మిగలాలి. గుర్తులు కిందికి వంగే అంచు మీద పడితే ఎంత ఖరీదైన స్పాంజి పెట్టినా ఫలితం ఉండదు, ఎందుకంటే బరువు అప్పుడు గుబ్బల మీద కాక వాటి మధ్యనున్న సున్నితమైన భాగం మీద పడుతుంది. రసెల్ డే-లాంగ్ వంటి సీట్లకు రెండు పక్కలా రెక్కల్లాంటి వెడల్పు భాగాలు ఉండటం వెనుక ఉన్న ఆలోచన ఇదే: బరువును తొడల పైభాగం దాకా పరిచితే ఒక్కచోట పడే ఒత్తిడి తగ్గుతుంది.

మీరు ముందుకు జారడానికి కారణం సీటు వాలు. కొత్త సీటు కొనకముందే దీనిని పరిశీలించండి. బండిని సమతలమైన నేల మీద నిలబెట్టి, మీరు మామూలుగా మోసే సామానుతో సహా ఎక్కి కూర్చుని, వెనుక సస్పెన్షన్ ఎంత కుంగుతోందో మరొకరిని కొలవమనండి. చక్రం మొత్తం ఆడే దూరంలో సుమారు మూడో వంతు కుంగడం సాధారణంగా సరిపోతుంది. వెనుక స్ప్రింగు మరీ బిగించి ఉంటే బండి వెనుకభాగం ఎత్తులో నిలిచి, సీటు ముందుకు వాలుతుంది. మీరు ట్యాంకు మీదికి జారుతూ, చేతులతో హ్యాండిల్‌ను తోస్తూ మిమ్మల్ని మీరు ఆపుకుంటారు, దానితో మణికట్లు, భుజాలు కూడా నొప్పి పెడతాయి. స్ప్రింగు సరిచేసినా వాలు మిగిలితే సీటు ముందుభాగం ఆనే చోట కొన్ని మిల్లీమీటర్ల దళసరి రబ్బరు ముక్క పెట్టి చూడవచ్చు. అయితే సీటు ముందు అంచున ఉండే నాలుకలాంటి కొక్కెం తన గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో, వెనుక తాళం గట్టిగా పడిందో లేదో చేత్తో లాగి చూడనిదే బండి కదపకండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నొప్పి కాకుండా తొడల మధ్య మొద్దుబారినట్టు, తిమ్మిరిగా అనిపిస్తే అది నరం నొక్కుకుంటోందనడానికి గుర్తు. దానిని ఓర్చుకుంటూ నడపకూడదు. వెంటనే బండి ఆపి దిగండి. దిగిన తరువాత కూడా అది పోకపోతే డాక్టరుకు చూపించండి.

మరొక సభ్యుని సమాధానం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ దుస్తుల సంగతి ఒక్కటి కలుపుతున్నాను. జీన్స్ ప్యాంటు మధ్యలో నాలుగు కుట్లు కలిసే దళసరి ముడి, నూలు లోదుస్తుల అంచు కుట్టు, వెనుక జేబులో ఉన్న పర్సు, ఇవన్నీ గంటల తరబడి ఒకే చోట ఒత్తుతాయి. నూలు చెమటను పీల్చి తడిగానే ఉంటుంది, తడిసిన చర్మం త్వరగా ఒరుసుకుపోతుంది. కుట్లు లేని, చెమటను బయటికి లాగే సింథటిక్ లోదుస్తులు వేసుకుని ఒక్కసారి ప్రయాణం చేయండి. సైకిల్ షార్ట్స్ కొందరు వాడతారు గాని, వాటి మెత్త ముందుకు వంగి సన్నని సీటు మీద కూర్చునేవారి కోసం కుట్టినది. నిటారుగా కూర్చునేవారికి అది సరైన చోట పడదు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అట్ట పరీక్ష చేశాను. గుర్తులు సరిగ్గా సీటు అంచు వంగడం మొదలైన చోటే పడ్డాయి. వెనుక స్ప్రింగు కూడా అవసరానికి మించి బిగించి ఉంది. దానిని వదులు చేశాక జారడం చాలావరకు తగ్గింది. వెడల్పు పెంచక తప్పదని అర్థమైంది. కాని వెడల్పు పెంచితే ఇప్పటికే అందీ అందనట్టున్న నేల ఇంకా అందకుండా పోతుందేమో? జెల్, మెమరీ ఫోమ్, గాలి దిండు, వీటిలో ఏది మంచిదన్న సందేహమూ అలాగే ఉంది.

సీటు పని చేసే సభ్యుని సమాధానం

నమస్కారం. సీట్లు విప్పి కట్టే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. నేల అందడం సీటు ఎత్తు ఒక్కదాని మీదనే ఆధారపడదు. నిలబడేటప్పుడు మీరు ముందుకు జరిగి, సీటు ముక్కు దగ్గర కాళ్లు దించుతారు. అక్కడ సీటు ఎంత వెడల్పుగా ఉంటే కాళ్లు అంత బయటికి తిరిగి, అందే ఎత్తు అంత తగ్గిపోతుంది. కాబట్టి వెనుక వెడల్పుగా, ముందు సన్నగా, తొడల లోపలి వైపు అంచులు చెక్కి గుండ్రం చేసిన సీటు తీసుకుంటే రెండు అవసరాలూ తీరతాయి. ఎత్తు తగ్గించడం కోసం స్పాంజి కోయించుకునేవారు నా దగ్గరికి ఎందరో వస్తారు. ముందుగా ముక్కు సన్నం చేయించుకోమని వారికి చెబుతాను, ఎందుకంటే స్పాంజి దళసరి పోయాక నొప్పి తిరిగి రావడం ఖాయం, పైగా సీటు దిగేకొద్దీ మోకాళ్లు మరింత ముడుచుకుంటాయి.

ఇక పదార్థాల సంగతి. మెమరీ ఫోమ్‌ను 1960 దశకంలో నాసా వారు విమానాల సీట్ల కోసం తయారు చేయించారు. అది ఒంటి వేడికి మెత్తబడి ఆకారానికి ఒదుగుతుంది. అదే గుణం వల్ల చలిలో గట్టిపడుతుంది, ఎండలో మరీ మెత్తబడుతుంది. ఒంటరిగా అది బరువు మోయలేదు. గట్టి స్పాంజి మీద పైపొరగా రెండు మూడు సెంటీమీటర్లు వేస్తే చక్కగా పనిచేస్తుంది, మొత్తం సీటంతా దానితోనే చేస్తే అడుగుకు దిగిపోతుంది. జెల్‌ది మరో ఇబ్బంది: ఎండలో ఆపిన బండి మీద అది వేడిని పట్టి ఉంచుతుంది, చల్లారడానికి చాలాసేపు పడుతుంది. జెల్ వేయించుకునేవారు దానిని నేరుగా కవరు కింద కాకుండా పలుచని స్పాంజి పొర కింద వేయించుకోవాలి, బండి ఆపినప్పుడు సీటు మీద లేత రంగు గుడ్డ కప్పాలి.

గాలి దిండు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేది అదే, చాలామంది తప్పుగా వాడేదీ అదే. ఎయిర్‌హాక్ వంటివి చక్రాల కుర్చీలో రోజంతా కూర్చునే రోగులకు పుండ్లు పడకుండా రూపొందించిన దిండ్ల నుంచి వచ్చాయి. లోపలి గాలి గదులన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి ఎత్తైన చోటి గాలి పల్లానికి ప్రవహించి ఒత్తిడిని సమం చేస్తుంది. అయితే గాలి నిండుగా నింపితే దిండు బంతిలా బిగిసిపోయి, మీరు దాని మీద తూలుతూ కూర్చుంటారు, మలుపుల్లో బండి మీద పట్టు తప్పినట్టుంటుంది. సరైన పద్ధతి ఇది: కొంచెం ఎక్కువగా నింపి, బండి మీద మామూలు భంగిమలో కూర్చుని, మూత కొద్దికొద్దిగా తిప్పి గాలి వదులుతూ పోవాలి. ఎముక గుబ్బలు అడుగుకు తగలబోయే ముందు, చేయి దూర్చి చూస్తే ఒకటి రెండు సెంటీమీటర్ల గాలి మిగిలిందని తెలిసినప్పుడు, మూత బిగించాలి. అంత తక్కువ గాలి మీద ఇది పనిచేస్తుందని మొదటిసారి ఎవరికీ నమ్మకం కలగదు. మీ సీటు ఇప్పటికే సన్నగా ఉంది కాబట్టి దిండు ఒక్కటే చాలదు; కాని కొత్త సీటు వచ్చేదాకా వాడుకోవచ్చు.

మీకు నేను సూచించేది, ఉన్న సీటు అడుగు పలకను అలాగే ఉంచి, దాని మీద కొత్త ఆకారపు స్పాంజి పెట్టించుకోవడం. బండికి సరిగ్గా పడే పలక మీ దగ్గరే ఉంది కాబట్టి బిగింపు చిక్కులు రావు. సీట్ కాన్సెప్ట్స్ వంటివారు అచ్చు పోసిన స్పాంజిని, కవరును కలిపి ఇలాంటి కిట్‌గానే అమ్ముతారు. పాత కవరు పిన్నులు పీకి, కొత్తది లాగి కొట్టుకోవాలి. చేతితో చెక్కించుకుంటే కవరు చివరగా వేయించండి. ముందు స్పాంజిని పలకకు అంటించి, పైన పలుచని గుడ్డ కట్టి, ఒక రోజంతా నడిపి రండి. ఎక్కడ ఒత్తుతోందో అక్కడ మార్కర్‌తో గీసి తెస్తే, గరుకు కాగితంతో ఆ మేరకు తీయడం పది నిమిషాల పని. కవరు కుట్టాక అదే పని చేయాలంటే అంతా మళ్లీ విప్పాలి. కుట్లు ఎముక గుబ్బల కింద రాకుండా చూసుకోండి, కూర్చునే చోట కుట్టు ఉంటే వాననీరు దారం రంధ్రాల గుండా స్పాంజిలోకి దిగి రోజుల తరబడి ఆరదు.

ప్రశ్నించినవారు

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. స్పాంజి మార్పించుకోవడానికే నిశ్చయించుకున్నాను. వెనుక కూర్చునేవారి భాగాన్ని కూడా అప్పుడే చేయించాలా?

సీటు పని చేసే సభ్యుని సమాధానం

తప్పకుండా చేయించండి, ఆమెను కూడా వెంట తీసుకురండి. వెనుక కూర్చునేవారి చేతిలో మీకున్నట్టు హ్యాండిల్‌బార్ ఉండదు, ఎదురుగా వచ్చే గుంత కనిపించదు కాబట్టి ముందుగా లేవలేరు; అందువల్ల వారి భాగానికి మీ కన్నా దళసరి స్పాంజి కావాలి, అది ముందుకు వాలకుండా సమతలంగా ఉండాలి. రెండు భాగాల మధ్య మెట్టును మరీ నిలువుగా పెట్టించవద్దు. మీరు ఒక్కరే వెళ్లే రోజున కాస్త వెనక్కి జరిగి కూర్చునే చోటు మిగిలితే, గంటకోసారి భంగిమ మార్చుకోవడానికి అది మీకే ఉపయోగపడుతుంది. కొత్త గట్టి స్పాంజి కుదురుకోవడానికి వెయ్యి కిలోమీటర్ల దాకా పట్టవచ్చు. మొదటి రోజు బాగా లేదని మళ్లీ చెక్కించకండి. అప్పటికీ ఒకే చోట నొప్పి ఉంటే మాత్రం, ఆ చోటు గుర్తు పెట్టుకుని రండి.