పోకెమాన్ పోటీలో మొదట దించేది ఎప్పుడూ ఒకటే కావాలా, ఎదుటి జట్టును చూసి మార్చాలా?

బురుజు నీడ (కర్నూలు)

గత ఆదివారం కొండారెడ్డి బురుజు దగ్గర ఒక మిత్రుడి మేడ మీద ఎనిమిది మందిమి కూడి పోకెమాన్ పోటీ ఆడుకున్నాం. రెండు వైపులా ఆరేసి, ఒక్కొక్కటిగా దిగే ఆట. నేను ఏడాదిగా లీడ్, అంటే మొదట దించే పోకెమాన్‌ను, మార్చలేదు. లాండోరస్ దిగుతుంది, మొదటి వంతులోనే స్టెల్త్ రాక్ వేస్తుంది; ఎదుటివైపు ఆ తర్వాత దిగేవాటికి ఆ రాళ్లు తగులుతాయి. మా బృందంలో దీన్ని బండలు పరచడం అంటాం.

మూడో ఆటలో ఎదుటివైపు హాటరీన్ లీడ్‌గా దిగింది. నేను మామూలుగానే బండలు వేశాను. దాని మ్యాజిక్ బౌన్స్ గుణం వాటిని తిప్పికొట్టి నా వైపే పరిచింది. ఆట ముగించడానికని దాచుకున్న వోల్కరోనా బరిలోకి రాగానే సగం ప్రాణం పోయింది. దానిది పురుగు, నిప్పు టైపు. ఆ రెండింటికీ రాయి టైపు పడదు కాబట్టి మామూలుగా ప్రాణంలో ఎనిమిదో వంతు పోయేది దానికి సగం పోతుంది. తర్వాత ఒక్క దెబ్బకే పడిపోయింది.

అందరూ లీడ్ మార్చమంటున్నారు. నేను ఒప్పుకోను. ఒకే లీడ్‌తో వందల ఆటలు ఆడితే దాని ముందు ఎవరు దిగితే ఏం జరుగుతుందో చేతికి తెలిసిపోతుంది. రోజుకొకటి మారిస్తే ఏదీ లోతుగా రాదు. మీరేమంటారు?

పెన్నా గట్టు (కడప)

మీ వోల్కరోనాకు రాళ్లు తగలకుండా కాపాడే హెవీ డ్యూటీ బూట్స్ తొడగలేదా?

బురుజు నీడ (కర్నూలు)

లేదు. లెఫ్ట్‌ఓవర్స్ ఇచ్చాను, వంతు వంతుకూ కొంచెం ప్రాణం తిరిగి ఇచ్చే వస్తువు. నిలదొక్కుకుని, బలమూ వేగమూ పెంచే క్వివర్ డాన్స్ రెండుసార్లు వేయాలన్నది ఆలోచన.

పెన్నా గట్టు (కడప)

అయితే నేను లీడ్ గురించి కాకుండా వోల్కరోనా గురించి మొదలుపెడతాను. బూట్స్ లేకుండా ఆట ముగించాలంటే మీ వైపు ఒక్క రాయి కూడా ఉండకూడదు. ఆ జట్టును కట్టిన రోజే ఆ షరతు పెట్టుకున్నారు. ఎదుటి ఆరుగురిలో హాటరీన్ కనిపించిన క్షణంలోనే, మీ వైపు రాళ్లు పడే దారుల్లో ఒకటి మీ సొంత మూవే అని తెలియాలి. ఆట మొదలుకాకముందే రెండు జట్లూ తెర మీద కనిపిస్తాయి కదా, దాన్ని మనం సరిగా వాడుకోవడం లేదు.

ఈ స్థిరమైన లీడ్ అలవాటు ఎక్కడిదో కూడా చెప్పాలి. స్టెల్త్ రాక్ 2006లో, నాలుగో తరం ఆటలతో వచ్చింది. అప్పట్లో ఎదుటి జట్టును ముందుగా చూసే వీలే లేదు. ఎవరొస్తారో తెలియదు కాబట్టి అజెల్ఫ్ లాంటి ఒక లీడ్‌ను ఎంచుకుని దాన్నే నమ్ముకునేవారు. ఆ లీడ్‌లను కొట్టడానికే పనికొచ్చే లీడ్‌లూ ఉండేవి. మెషాంప్ అలాంటిదే: నో గార్డ్ అనే గుణం వల్ల దాని డైనమిక్ పంచ్ తప్పకుండా తగిలి ఎదుటివారిని తికమక పెట్టేది. అప్పుడు అది సరైన పద్ధతి. 2010లో ఐదో తరంతో టీమ్ ప్రివ్యూ వచ్చింది. చూపు వచ్చాక కూడా కళ్లు మూసుకుని నడవడం నాకు బాధగా ఉంటుంది.

నేను ఎంచుకునే తీరు వెనక నుంచి మొదలవుతుంది. ఈ ఆరుగురి మీద ఆట ముగించగలిగేది నా వైపు ఎవరు? దానికి అడ్డుపడేది అటువైపు ఎవరు? ఆ అడ్డు తొందరగా అలిసిపోవాలంటే మొదటి వంతులో ఎవరు ఎదురు నిలవాలి? ఈ మూడింటికీ జవాబు దొరికితే లీడ్ తనంతట తానే తేలుతుంది. మీ ఆటలో ముగించేది వోల్కరోనా, మొదట పడాల్సింది హాటరీన్. దాని ముందు దిగాల్సింది గోల్డెంగో. ఉక్కు టైపు దెబ్బకు హాటరీన్ ఆగలేదు.

పదును (అనంతపురం)

పెన్నా గట్టు గారూ, మీ పద్ధతి మీ జట్టుకు సరిపోతుంది, అన్ని జట్లకూ కాదు. నాది స్టికీ వెబ్ జట్టు. రిబాంబీ మొదటి వంతులో వల పరవాలి. అక్కడి నుంచి నేల మీద కాలుపెట్టే ప్రతిదాని వేగం మూడింట రెండు వంతులకు పడిపోతుంది. పూర్తి వేగంతో పెంచిన గార్చాంప్ 333 నుంచి 222కు దిగుతుంది. అప్పుడు 267 వేగంతో నా గోల్డెంగో దానికంటే ముందు కొడుతుంది. మిగతా ఐదుగురినీ ఈ లెక్క మీదే కట్టాను. రిబాంబీని వెనక దాచితే నాకు జట్టే ఉండదు.

ఫోకస్ సాష్ అనే వస్తువు సంగతి మీరు అసలు ఎత్తలేదు. నిండు ప్రాణంతో ఉంటేనే అది ఒక దెబ్బను ఆపి ఒక్క పాయింటుతో నిలబెడుతుంది. తర్వాత దింపుదామనుకుంటే, వచ్చేటప్పుడే రాళ్లు తగిలి సాష్ వ్యర్థమవుతుంది. సాష్ ఉన్నదానికి లీడ్ స్థానం మించిన చోటు లేదు.

మా జిల్లాలో వేరుశనగ వేసేవారు తొలి చినుకులకే విత్తరు. పదును వాన కోసం చూస్తారు. కానీ పదును పడ్డాక ఇంకా ఆలోచిస్తూ కూర్చుంటే తేమ ఆరిపోతుంది. నా జట్టుకు మొదటి వంతే ఆ పదును. హాటరీన్ కనిపిస్తే నాకూ కష్టమే, ఒప్పుకుంటాను. వలనూ అది తిప్పికొడుతుంది. అప్పుడు కూడా రిబాంబీనే దించుతాను, కానీ వల వేయను. మూన్‌బ్లాస్ట్‌తో కొట్టి, వెనక్కి పంపి, హాటరీన్ పడ్డాక మళ్లీ తెస్తాను.

బురుజు నీడ (కర్నూలు)

పదును గారు చివర్లో అన్న మాటే నాకు కావలసింది. దించిన లాండోరస్ తప్పు కాదు, నొక్కిన మూవ్ తప్పు. హాటరీన్ కంటే లాండోరస్ వేగం ఎక్కువ. యూటర్న్‌తో కొట్టి వెనక్కి వచ్చి గోల్డెంగోను తెచ్చి ఉంటే, లీడ్ మార్చకుండానే పెన్నా గట్టు గారు చెప్పిన చోటికి చేరేవాడిని.

పెన్నా గట్టు (కడప)

నిజమే, ఆ దారి ఉంది. కానీ తమ్ముడూ, ఏడాది పాటు ఒకే లీడ్ దింపిన చేయి ఒకే మూవ్ నొక్కడానికీ అలవాటు పడుతుంది. ఆ రోజు మీరు తప్పు లెక్క వేసి రాళ్లు వేయలేదు, అసలు లెక్కే వేయలేదు. లీడ్‌ను ప్రతిసారీ ఎంచుకోవాల్సి వస్తే ఎదుటి ఆరుగురినీ తప్పకుండా చూస్తారు. నా పట్టుదల అందుకే.

ఇంకొకటి. ఎనిమిది మంది ప్రతి ఆదివారం కలిసే చోట మీ లీడ్ ఏమిటో అందరికీ తెలుసు. హాటరీన్‌ను మీ మిత్రుడు ఊరికే ముందు దించలేదు.

జంట ఆట (ప్రొద్దుటూరు)

ఇద్దరేసి దిగే డబుల్స్ ఆడేవాడిగా ఒక మాట. మాకు ఆరుగురిలో నలుగురినే ఎంచుకోవాలి, అందులో ఇద్దరు ముందు. ఆరుగురిలోంచి ముందు జంటకు 15 దారులు, ప్రతి జంటకూ వెనక జంటకు 6 దారులు, మొత్తం 90. అధికారిక పోటీల్లో ఆలోచించుకోవడానికి ఇచ్చేదీ 90 సెకన్లే. అక్కడ కూర్చుని కొత్తగా ఆలోచించడం జరగని పని. ఒకే జంటను నమ్ముకున్నా నిలవలేం.

నేను ఇంటి దగ్గరే నోటుపుస్తకంలో నాలుగు ఆరంభాలు రాసుకుంటాను. ఒకటి ఇన్సినరోర్, ఫారిగిరాఫ్: ఒకటి ఫేక్ అవుట్‌తో ఎదుటివారిలో ఒకరిని ఆపుతుంది, రెండోది నెమ్మదైనవే ముందు కొట్టేలా చేసే ట్రిక్ రూమ్ వేస్తుంది. ట్రిక్ రూమ్ అయిదు వంతులే, వేసిన వంతు కూడా అందులోదే. కాబట్టి నెమ్మదిగా ఉండి గట్టిగా కొట్టే టోర్కోల్ వెంటనే వెనక నుంచి రావాలి. ఎదుటివైపు దెయ్యం టైపు ఉంటే ఫేక్ అవుట్ దాన్ని తాకదు, అప్పుడు ఈ పేజీ మూసేసి రెండో పేజీకి వెళతాను. అక్కడ నేను ఎంచుకునేది 90లో ఒకటి కాదు, నాలుగులో ఒకటి. సింగిల్స్‌కూ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

బురుజు నీడ (కర్నూలు)

జంట ఆట గారూ, ఈ పద్ధతి నాకు నచ్చింది. లాండోరస్‌ను నేను వదులుకోను, పది ఆటల్లో ఏడింటికి అదే సరైన లీడ్ అని ఇప్పటికీ అంటాను. కానీ మిగతా మూడింటికీ పేజీలు రాస్తాను. మొదటి పేజీ హాటరీన్‌కే: గోల్డెంగో లీడ్, అది పడేదాకా స్టెల్త్ రాక్ ముట్టను. వోల్కరోనాకు బూట్స్ కూడా తొడుగుతాను, లెఫ్ట్‌ఓవర్స్ లేకుండా క్వివర్ డాన్స్‌కు ఎంత సమయం దొరుకుతుందో చూడాలి. రెండో పేజీ రిబాంబీకి రాయాలి. పదును గారూ, మీ వల పడకముందే ఆపడానికి దెబ్బ కొట్టని మూవ్‌లను అడ్డుకునే టాంట్ లాండోరస్‌తో వేస్తే సరిపోతుందా? రిబాంబీ దానికంటే వేగం కదా, నాకు అక్కడే తెగడం లేదు.

పదును (అనంతపురం)

సరిపోదు. నా వల ముందే పడిపోతుంది. పడ్డ వలను తుడిచేసే ర్యాపిడ్ స్పిన్ చేసేదాన్ని పెట్టుకోండి, నా గోల్డెంగో దెయ్యం టైపు కాబట్టి దాన్ని అడ్డుకోవడానికి దిగుతుందని కూడా ఆ పేజీలోనే రాసుకోండి.