స్టూడియో సిరామిక్స్ ప్రదర్శనలో ఏం చూడాలి?

ప్రశ్న – బ్రాడీపేట డ్రాయింగ్ టీచర్ (గుంటూరు)

నేను గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం బోధిస్తాను. ఇటీవల హైదరాబాద్ వెళ్లినప్పుడు స్టూడియో సిరామిక్స్ (కళాకారులు తమ చేతులతో చేసి కాల్చే మట్టి వస్తువులు) ప్రదర్శన ఒకటి చూశాను. చిత్రపటం ముందు నిలబడితే గీత గురించీ, రంగు గురించీ, కూర్పు గురించీ పిల్లలకు చెప్పడానికి నాకు మాటలు ఉంటాయి. కానీ అక్కడ ఎత్తుపీట మీద ఒంటరిగా ఉంచిన బూడిదాకుపచ్చ గిన్నె ఎదుట, అది బాగుందని అనిపించడమే తప్ప ఎందుకు బాగుందో చెప్పుకోలేకపోయాను. దాని ధర వేలల్లో ఉంది. ఫ్యాక్టరీ పింగాణీకీ, మన కుమ్మరి కుండకూ, ఈ గిన్నెకూ అసలు తేడా ఏమిటి? ఎవరి పనితో పరిచయం మొదలుపెట్టాలి? తెలిసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

జవాబు – సారె పని (విజయవాడ)

మాస్టారూ, ముందు గిన్నె అడుగు చూడండి. నిర్వాహకులను అడిగితే తిప్పి చూపిస్తారు. బట్టీలో పలక మీద ఆనే చోట గ్లేజు (కాలితే గాజులా మారే పైపూత) ఉంటే అది కరిగి పలకకు అతుక్కుపోతుంది కనుక, అడుగు వలయాన్ని గ్లేజు లేకుండా వదిలేస్తారు. అసలు మట్టి ఏదో, అది ఏ రంగుకు కాలిందో, ఆ వలయాన్ని ఎంత శ్రద్ధగా చెక్కారో అక్కడే తెలుస్తుంది. తర్వాత లోపలికి చూడండి. సారె (కుమ్మరి చక్రం) మీద మట్టిని పైకి లాగిన వేళ్ల జాడలు అడుగు నుంచి అంచు దాకా మెలికలుగా కనిపిస్తాయి. అచ్చుల్లో పోసి చేసే ఫ్యాక్టరీ కప్పులో ఆ జాడ ఉండదు.

కుండకూ దీనికీ ప్రధానమైన తేడా మంటలో ఉంది. గడ్డి, పిడకలు, కట్టెలతో మన ఆములో కాలే కుండకు తగిలే వేడి సాధారణంగా 900 డిగ్రీల సెల్సియస్ లోపే ఉంటుంది. స్టోన్‌వేర్ అనే గట్టి రకం మట్టిపాత్రలను 1200 నుంచి 1300 డిగ్రీల దాకా కాలుస్తారు. ఆ వేడికి మట్టి కొంతమేర గాజులా మారి, సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. మన ఇళ్లలోని ఆవకాయ జాడీ ఈ జాతిదే. ఏడాది పొడుగునా ఉప్పూ, నూనే, పులుపూ నిలవ ఉన్నా అది చెమర్చకపోవడానికి ఆ కాల్పే కారణం.

మీరు చూసిన బూడిదాకుపచ్చ బహుశా సెలడాన్ అనే గ్లేజు అయి ఉంటుంది. గ్లేజులో ఇనుప ఆక్సైడ్‌ను కొద్ది పాళ్లలో కలిపి, బట్టీలోకి గాలి తగ్గించి కాలిస్తే ఆ రంగు వస్తుంది. అదే గ్లేజుకు గాలి పుష్కలంగా అందితే పసుపు, తేనె రంగుల వైపు తిరుగుతుంది. రాగి అయితే గాలిలో ఆకుపచ్చగా, గాలి తగ్గితే ఎరుపుగా మారుతుంది. అందుకే గ్లేజు మందంగా జారిన చోటునూ, అంచు దగ్గర పలచబడిన చోటునూ పోల్చి చూడమంటాను. ఏది చేతితో నిర్ణయించారో, ఏది మంటకు వదిలిపెట్టారో ఊహించడం మొదలైతే ఆ గిన్నె మీతో మాట్లాడుతుంది.

ధర విషయానికి వస్తే, ఆరడంలోనూ కాలడంలోనూ మట్టి మొత్తం మీద 10 నుంచి 12 శాతం దాకా కుంచించుకుపోతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం పరిమాణం హఠాత్తుగా మారుతుంది కాబట్టి, చల్లార్చడంలో తొందరపడితే పగుళ్లు వస్తాయి. అలా పోయిన వాటి ఖర్చు కూడా మిగిలిన వాటి మీదే పడుతుంది.

జవాబు – కృష్ణాతీర పాఠకుడు (విజయవాడ)

ఎవరితో మొదలుపెట్టాలన్న మీ ప్రశ్నకు నా సమాధానం: గురుచరణ్ సింగ్. ఆయన 1919లో జపాన్ వెళ్లి అక్కడి కుమ్మరుల దగ్గర పని నేర్చుకున్నారు, ప్రసిద్ధ స్టూడియో కుమ్మరులైన బెర్నార్డ్ లీచ్, హమాదా షోజీలతో స్నేహం చేశారు. తరువాత ఢిల్లీలో స్థాపించిన బ్లూ పాటరీ అనే స్టూడియో నుంచే మన దేశంలో స్టూడియో కుమ్మరం ఊపందుకుంది. రెండవది, 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ పుదుచ్చేరిలో ప్రారంభించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ. హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఆర్తి వీర్ అక్కడ శిక్షణ పొందినవారే. రే మీకర్ పచ్చి ఇటుకలతో ఇల్లు కట్టి, దాని లోపల ఇటుకలూ పెంకులూ పేర్చి, ఆ ఇంటినే బట్టీగా కాల్చే ప్రయోగాలు కూడా చేశారు. ఒక కుమ్మరి ఆలోచన గిన్నె దాటి ఎంత దూరం పోగలదో చూపిన పని అది.

ప్రదర్శనలలో 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో జరిగిన తొలి ఇండియన్ సిరామిక్స్ ట్రైనియల్ (మూడేళ్లకోసారి జరపాలని తలపెట్టిన ప్రదర్శన) ముఖ్యమైనది. రెండవది 2024లో ఢిల్లీలో జరిగింది. వాడుక వస్తువుల నుంచి గది నిండా పరిచే భారీ రచనల దాకా ఈ మాధ్యమం ఎంత విస్తరించిందో వాటిలో కనిపించింది. మీరు ఉపాధ్యాయులు కనుక కుమ్మరి, కళా ఉపాధ్యాయుడు దేవీప్రసాద్ (1921–2011) గురించి తప్పక తెలుసుకోండి. శాంతినికేతన్‌లో చదివి, సేవాగ్రామ్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు చిత్రకళ నేర్పిన ఆయన, మట్టిపనినీ విద్యనూ విడదీసి చూడలేదు.

జవాబు – ఆము పక్క ఇల్లు (తెనాలి)

పై రెండు జవాబులూ విలువైనవే అయినా ఒక అభ్యంతరం చెప్పాలి. మా తాతగారు సారె తిప్పినవారు. 900 డిగ్రీల లోపు కాలిన కుండను తక్కువ దశలో ఆగిపోయిన వస్తువులా చూడకూడదు. రంధ్రాలు మిగిలి ఉన్నందువల్లే నీరు చెమర్చి ఆవిరై లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. వంటకుండ నేరుగా పొయ్యి మీద తట్టుకునేదీ అందుకే. స్టోన్‌వేర్ గిన్నెను అలా మంట మీద పెడితే పగిలే ప్రమాదం ఎక్కువ. లోపల రాయి అదిమిపట్టి, బయట చెక్కతో తడుతూ పెద్ద కుండ గోడను అంత పలచగా సాగదీయడం ఏ స్టూడియో పనికీ తీసిపోయే నైపుణ్యం కాదు. గ్యాలరీలో గిన్నె పక్కన చేసినవారి పేరు ఉంటుంది, చలివేంద్రంలో కుండ పక్కన ఉండదు. పిల్లలకు ఈ రెండూ పక్కపక్కనే చూపించండి.

జవాబు – సారె పని (విజయవాడ)

మంట మీద పగిలే విషయం మీరు చెప్పింది సరైనదే, నేను రాయవలసింది. అయితే స్టూడియో ధర ఎక్కువని అనను. కుండ ధరే అన్యాయంగా తక్కువ అంటాను.

ప్రశ్నించినవారు – బ్రాడీపేట డ్రాయింగ్ టీచర్

అందరికీ కృతజ్ఞతలు. సెలవులయ్యాక పాఠశాలలోనే చిన్న ప్రదర్శన పెట్టాలనుకుంటున్నాను: ఒక నీళ్ల కుండ, ఒక ఆవకాయ జాడీ, ఒక ఫ్యాక్టరీ కప్పు, అరువుగా దొరికితే ఒక స్టూడియో గిన్నె. చీటీల మీద ఏం రాయాలి?

జవాబు – సారె పని (విజయవాడ)

చేసినవారి పేరు, ఊరు, మట్టి ఎక్కడిది, ఎంత వేడికి కాలింది, ఏ ఇంధనంతో కాలింది అన్నవి రాయండి, చాలు. ఫ్యాక్టరీ కప్పుకు పేరు దొరకదు, ఆ గడిని ఖాళీగానే ఉంచండి. పిల్లలు చేతిలోకి తీసుకుని చూడటానికి బల్ల మీద మెత్తటి గుడ్డ పరచండి. ఒక జాగ్రత్త చెప్పాలి: తక్కువ వేడికి కాల్చే కొన్ని రంగు గ్లేజులలో సీసం ఉంటుంది కాబట్టి, ఎక్కడిదో తెలియని అలంకార పాత్రలో మజ్జిగ, చింతపండు పులుసు వంటివి పోయనివ్వకండి. స్టూడియో గిన్నె నా దగ్గర ఒకటి ఉంది, తేదీ ఖాయమైతే ఇక్కడే రాయండి, పంపిస్తాను.