అర్జెంట్: ఫీనిక్స్‌లో మన సంఘం చేసే థ్యాంక్స్‌గివింగ్ పండగ సరుకుల పంపిణీకి హాల్ లేదు

ఫుడ్ కమిటీ, బుధవారం రాత్రి 9:40
అందరూ ఒకసారి ఇది చదవండి. 22వ తేదీ శనివారానికి అనుకున్న హాల్ మనకి ఇవ్వలేమని ఇందాకే మెయిల్ వచ్చింది. పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, అందులో వాళ్ల పేరు కూడా చేర్చి, శుక్రవారం సాయంత్రంలోగా ఇస్తే తప్ప కుదరదట. ఇళ్లలో వండిన భోజనం అసలు లోపలికి రానివ్వరట. స్కూల్ కౌన్సెలర్ లిస్టు ఇచ్చిన 120 కుటుంబాలకి వస్తున్నామని చెప్పేశాం. మా గరాజ్‌లో బియ్యం, కందిపప్పు, నూనె సీసాలు నా భుజాల దాకా పేర్చి ఉన్నాయి, కారు పది రోజులుగా బయటే ఉంటోంది. ఎవరు ఏ పని చేయాలో లిస్టు కింద పెట్టాను కానీ ముందు చోటు కావాలి. ఎవరికైనా ఏదైనా తెలుసా?

హాల్ బుకింగ్, 9:58
వదినా, ఏజెంట్‌తో మాట్లాడాను. పాలసీ సెప్టెంబర్‌లోనే అయిపోయింది, కొత్తది రావడానికి ఏడు పనిదినాలు పడుతుందంటున్నాడు. రెన్యూ చేయించాల్సింది నేను. తప్పు నాదే, క్షమించండి. రేపు మధ్యాహ్నం ఇంకో రెండు చోట్ల అడుగుతాను.

ట్రెజరర్, 10:20
ఖాతాలో 3,140 డాలర్లున్నాయి. ఇప్పటికిప్పుడు ఇంకో హాల్ అంటే అద్దె, డిపాజిట్, క్లీనింగ్ కలిపి 1,200 పైమాటే. నన్నడిగితే ఈ ఏడాదికి పంపిణీ మానేసి సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్‌కి చెక్కు రాసేద్దాం. అసలు ఫుడ్ బ్యాంక్ అన్నది మొదలైందే మన ఫీనిక్స్‌లో, 1967లో. షాపుల వెనక చెత్తడబ్బాల్లో పిల్లలకి తిండి ఏరుకునే ఒకావిడ, ఇలా పారేసేవన్నీ బ్యాంకులో డబ్బులా ఒకచోట ఉంటే కావలసినవాళ్లు వచ్చి తీసుకుంటారు కదా అని పేదల భోజనశాలలో వాలంటీరుగా ఉన్న జాన్ వాన్ హెంగెల్‌తో అన్నదట. సెయింట్ మేరీస్ చర్చి వాళ్లు ఆయనకి 3,000 డాలర్లు, వాడకుండా వదిలేసిన ఒక బిల్డింగు ఇచ్చారు, మొదటి ఏడాదే 2,75,000 పౌండ్ల తిండి పంచారు. ఫుడ్ బ్యాంక్ వాళ్లు టోకున కొంటారు, మన డాలరుకి మనకన్నా ఎక్కువ సరుకు తెస్తారు. ఇచ్చినవాళ్లకి అరిజోనా పన్నులో డాలరుకి డాలరు క్రెడిట్ కూడా వస్తుంది, పరిమితి దాకా.

ఫుడ్ కమిటీ, 10:34
అన్నా, మీ లెక్క తప్పని నేననను. కానీ ఆ 120 ఇళ్లకి ఫోన్ చేసి రావద్దని చెప్పేది ఎవరు? నాకైతే నోరు రాదు. మా లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఏ వేళప్పుడు వచ్చినవాళ్లకైనా లేచి వండి పెట్టేవారని మా అమ్మమ్మ చెబుతుంటే విని పెరిగాం. ఎదురుగా నిలబడి చేతికి ఇవ్వడం వేరు, చెక్కు వేరు.

ట్రెజరర్, 10:41
ఇవ్వొద్దని నేనెప్పుడన్నాను? మూడేళ్లుగా తగ్గిన ప్రతిసారీ నా కార్డే గీకాను, ఒక్కసారైనా ఎవరైనా అడిగారా? ఈసారి నా వల్ల కాదు.

యూత్ కోఆర్డినేటర్, 10:44
మా 26 మంది పిల్లలకి శనివారం ఖాళీ ఉంచుకోమని చెప్పాను. మానేస్తే వాళ్లకి ఏం చెప్పాలి?

పెద్దమ్మ, 10:52
ఇద్దరూ ఫోన్లు పక్కన పెట్టి పడుకోండి. బాబూ, నీ కార్డు మీద ఎంత పడిందో మాకెవరికీ తెలియదు, తెలియకపోవడం మా తప్పే. పొద్దున మాట్లాడుకుందాం.

పికప్ ట్రక్, గురువారం ఉదయం 6:50
రాత్రి అంతా చదివాను. మా పక్కింటి ఆవిడ గురించి ఇక్కడ చెప్పాలి. మార్చిలో మా ఆవిడకి ఆపరేషన్ అయినప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు, పక్కింటావిడ అంబులెన్స్ చూసి తనంతట తనే మీల్ ట్రైన్ పెట్టింది, అంటే ఇరుగుపొరుగు వంతులవారీగా భోజనం తెచ్చిచ్చే ఏర్పాటు. వీధిలో పద్నాలుగు ఇళ్లవాళ్లు వంతులు రాసుకున్నారు. తలుపు కొట్టి ఇబ్బంది పెట్టకూడదని గుమ్మం ముందు నీలం రంగు కూలర్ పెట్టి, తెచ్చినవాళ్లు అందులో పెట్టి వెళ్లిపోయేవాళ్లు. గిన్నె అడుగున టేపు మీద పేరు, ఎన్ని నిమిషాలు వేడిచేయాలో పెన్నుతో రాసి ఉండేది. మొదటి రోజు చికెన్ వచ్చింది. మేం మాంసం తినమని మొహమాటపడుతూ చెప్పాను, రెండో రోజు నుంచి బీన్స్ ఎంచిలాడాలు (మెక్సికన్ చుట్టిన రొట్టెలు), కూరగాయల సూపు. చెత్తడబ్బా కూడా వారం వారం ఎవరో రోడ్డు పక్కకి లాగేవాళ్లు. ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ పక్కింటావిడకి రాత్రే మెసేజ్ పెట్టాను. వాళ్ల చర్చి పార్కింగ్‌లో అదే శనివారం 8 నుంచి 11 దాకా సరుకుల పంపిణీ ఉందట, కార్లు వరుసగా వస్తే డిక్కీలో పెట్టడమే. మన 120 కుటుంబాలని కూడా అక్కడికే రమ్మంటున్నారు. కార్యక్రమం వాళ్లది, మనం వాలంటీర్లం, కాబట్టి మన ఇన్సూరెన్స్ అడగరు. వేడి భోజనం మాత్రం ఉండదు.

హాల్ బుకింగ్, 7:15
మన సరుకు తిని ఎవరికైనా ఏదైనా అయితే?

ట్రెజరర్, 7:31
మంచి ఉద్దేశంతో లాభాపేక్ష లేని సంస్థకి తిండి ఇచ్చినవాళ్లకి 1996 నుంచి ఫెడరల్ చట్టం రక్షణ ఉంది, బిల్ ఎమర్సన్ అనే కాంగ్రెస్ సభ్యుడి పేరు మీద. తెలిసి తెలిసి పాడైనవి ఇస్తే తప్ప భయం లేదు. డేట్లు మాత్రం ఒక్కొక్కటీ చూద్దాం. వదినా, రాత్రి కొంచెం గట్టిగా అన్నాను.

ఫుడ్ కమిటీ, 7:40
నేనూ అన్నాను అన్నా. ముందు ఆ రసీదులన్నీ పంపండి.

కల్చరల్, 8:05
మరి మన బ్యానర్ ఎక్కడ కడతాం? ప్రెసిడెంట్‌గారి స్పీచ్, పిల్లల డ్యాన్సు ఉన్నాయి కదా.

పెద్దమ్మ, 8:12
వాళ్ల వాకిట్లో మన బ్యానర్ బాగోదు అమ్మా. కార్లో కూర్చుని సరుకుల కోసం వచ్చినవాళ్ల ముందు స్పీచ్ అసలే వద్దు. ఫోటోలు కూడా తీయకండి, వాళ్ల మొహాలు పడతాయి.

కల్చరల్, 8:20
సరే పెద్దమ్మా, నిజమే. డ్యాన్సు పిల్లల్ని కూడా సంచులు కట్టడానికి తీసుకొస్తాను.

పికప్ ట్రక్, 12:30
చర్చి వాళ్లు ఒక్కటే అడిగారు: కందిపప్పు చాలామందికి వండడం రాదు, పింటో బీన్స్ అయితే అందరూ తింటారు.

ఫుడ్ కమిటీ, 12:48
షాపాయనతో మాట్లాడాను, తెరవని బస్తాలు వెనక్కి తీసుకుంటానన్నారు. ఆ డబ్బుతో బీన్స్, పీనట్ బటర్ కొందాం. తెరిచిన రెండు బస్తాలు మాత్రం పొట్లాలు కట్టి అడిగినవాళ్లకే ఇద్దాం. నీళ్లెంత పోయాలో, ఎంతసేపు ఉడకాలో పిల్లలు ఇంగ్లీషులో, స్పానిష్‌లో చీటీ రాస్తే మంచిది. కౌన్సెలర్‌కి కొత్త అడ్రస్ పంపేశాను.

యూత్ కోఆర్డినేటర్, 1:05
చీటీలు మేం రాస్తాం. స్పానిష్ బాగా వచ్చిన పిల్లలు నలుగురున్నారు.

ట్రెజరర్, శుక్రవారం రాత్రి 9:10
హాల్‌కి పెట్టుకున్న డబ్బు మిగిలింది. అందులో 500 చర్చి పంపిణీకి ఇద్దామా? మన లిస్టు అయిపోయాక కూడా కార్లు వస్తాయట.

ఫుడ్ కమిటీ, 9:14
ఇద్దాం. 22వ తేదీ శనివారం ట్రక్ పొద్దున 6:15కి మా ఇంటి ముందు ఉండాలి. బియ్యం అడుగున, నూనె పైన. గరాజ్ తలుపు తీసే ఉంచుతాను, బెల్ కొట్టకండి, మామయ్యగారు పడుకుని ఉంటారు.