ఆన్‌లైన్‌లో కొన్న సైకిలు ట్యూబు నాణ్యతను బిగించక ముందే తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న – నల్లగొండ సభ్యుడు

మా అమ్మాయి కళాశాలకు తొక్కుకుంటూ వెళ్లే గేర్ల సైకిలుకు 26 × 1.95 కొలత ట్యూబులు కావలసి వచ్చింది. మా దగ్గరి దుకాణాల్లో పాతకాలపు పెద్ద సైకిళ్లకు వేసే 28 × 1½ ట్యూబులు ఎప్పుడు అడిగినా దొరుకుతాయి గాని, ఈ కొలతవి దొరకవు. అందుకని ఆన్‌లైన్‌లో ఒక జత తెప్పించాను. ముందు చక్రానికి వేసినది బాగానే ఉంది. వెనుక చక్రానికి వేసినది మాత్రం, ముల్లు గుచ్చుకున్న జాడ ఏదీ లేకుండానే, వారం తిరగక ముందే చప్పబడిపోయింది. అమ్మకపు పేజీలో ఆ ట్యూబుకు మంచి రేటింగే ఉంది. అయితే సమీక్షలు రాసినవారిలో ఎక్కువమంది సరుకు త్వరగా అందిందని చెప్పారే తప్ప, అది ఎంతకాలం నిలిచిందో చెప్పలేదు. పొట్లం విప్పగానే ట్యూబు మంచిచెడ్డలు తేల్చుకునే నమ్మకమైన పద్ధతి ఏదైనా ఉందా? ధర ఎక్కువగా ఉన్నది కొంటే నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు 1 – సైకిలు మరమ్మతుల పని చేసే సభ్యుడు

అయ్యా, ముందుగా ఆ గాలి దిగిన ట్యూబును పారవేయకండి. ట్యూబుదే దోషమా, చక్రానిదా అన్నది రంధ్రం పడిన చోటును బట్టి చాలావరకు తేలిపోతుంది. రంధ్రం నేల వైపు ఉంటే టైరు లోపల ముల్లో, గాజుపెంకో, లారీ టైర్ల నుంచి రాలిన సన్నని తీగముక్కో ఇంకా దాగి ఉండవచ్చని అర్థం. వేళ్లకు గుచ్చుకోకుండా ఒక గుడ్డతో టైరు లోపలంతా తుడిచి చూడండి. రంధ్రం రిమ్ము వైపు ఉంటే, ఊచల చివర్లు ట్యూబుకు తగలకుండా రిమ్ము లోపల చుట్టే పట్టీ (రిమ్ టేపు) పక్కకు జరిగి, ఊచ చివరో, ఊచ దూర్చిన రంధ్రపు అంచో ట్యూబును కోసింది. పక్కపక్కనే రెండు చిన్న గాట్లు కనిపిస్తే, గాలి తక్కువగా ఉన్నప్పుడు చక్రం రాయి మీదో గుంతలోనో పడి, ట్యూబు రిమ్ముకూ రాతికీ మధ్య నలిగిందని గ్రహించాలి. ఈ మూడింటిలో ఏది జరిగినా, ఎంత మంచి ట్యూబు వేసినా మళ్లీ అదే గతి పడుతుంది.

తయారీ లోపం సాధారణంగా రెండు చోట్ల బయటపడుతుంది: గొట్టం రెండు కొసలను కలిపిన అతుకు దగ్గర, వాల్వు మొదలు దగ్గర. కాబట్టి కొత్త ట్యూబును టైరులోకి ఎక్కించక ముందే కొద్దిగా గాలి కొట్టి, గుండ్రంగా నిలిచిన వెంటనే ఆపండి. టైరు ఆసరా లేనప్పుడు ట్యూబు ఉబ్బుతూనే పోతుంది కాబట్టి అంతకు మించి కొట్టడం మంచిది కాదు. ఆ కొద్దిపాటి గాలికే ఒకచోట బుర్రలా పొంగితే అక్కడ రబ్బరు పలచగా ఉన్నట్లే. అతుకును వేళ్లతో మెల్లగా సాగదీసి చూడండి. సరిగా ఒత్తిన అతుకు చదునుగా ఉంటుంది, అంచు లేవదు. తరువాత ట్యూబును కొంచెం కొంచెంగా నీళ్లలో ముంచుతూ అతుకునూ వాల్వు మొదలునూ ఓపికగా గమనించండి, ఎందుకంటే సన్నని కారుడు నుంచి బుడగ పైకి రావడానికి కొంత సమయం పడుతుంది. రాత్రంతా నీడలో వేలాడదీసి ఉదయం చూస్తే సందేహం మిగలదు. చివరగా గాలి తీసి, మడత పడి ఉన్న చోట్లను విప్పి చూడండి. అక్కడ సన్నని పగుళ్లు ఉంటే, సరుకు చాలాకాలం గోదాములో పడి ఉందన్నమాట.

వాల్వు రకం కూడా సరిచూసుకోండి. మోటారుసైకిలు తరహా లావు వాల్వు కోసం 8 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న రిమ్ముకు 6 మిల్లీమీటర్ల సన్న వాల్వు ట్యూబు వేస్తే, చుట్టూ మిగిలిన సందులోకి రబ్బరు ఒత్తుకుని వాల్వు మొదట్లోనే చిరుగుతుంది.

జవాబు 2 – దూరప్రయాణాలు చేసే సభ్యురాలు

ధర గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. సైకిలు ట్యూబుల్లో అధిక ధర చాలాసార్లు తేలికదనానికి చెల్లించేదే. పందేలకు వెళ్లేవారి కోసం పలుచగా చేసిన ట్యూబు ఖరీదైనదే గాని, తుమ్మముళ్లు పడి ఉండే మన దారులకు మామూలు మందంగల బ్యూటైల్ ట్యూబే మేలు. 1937లో కనుగొన్న ఈ బ్యూటైల్ రబ్బరు, సహజ రబ్బరు కంటే ఎన్నో రెట్లు నెమ్మదిగా గాలిని వదులుతుంది. సహజ రబ్బరు లేటెక్స్ ట్యూబుకు రోజూ గాలి కొట్టవలసి రావడం దాని స్వభావమే గాని లోపం కాదు. కొనేటప్పుడు ఏ రబ్బరో రాసి ఉన్నదో లేదో చూడండి.

కొలత విషయంలో జరిగే పొరపాట్లే ఎక్కువ. '26' అన్న అంకె ఒకటే అయినా, 26 × 1.95 టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు, 26 × 1⅜ టైరుది 590. మీ టైరు పక్కన 50-559 వంటి అంకెలు (టైరు వెడల్పు, రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో) అచ్చువేసి ఉంటాయి. ట్యూబు పెట్టె మీద ఆ 559తో పాటు మీ టైరు వెడల్పు కూడా ఇమిడే పరిధి, ఉదాహరణకు 1.75 నుంచి 2.125 అంగుళాల వరకు అని, ఉండాలి. మరీ సన్నని ట్యూబు పెద్ద టైరులో సాగి పలచబడుతుంది, మరీ పెద్దది మడత పడి ఆ మడత దగ్గరే కోసుకుపోతుంది.

నల్లగొండ సభ్యుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నీళ్లలో ముంచి చూడగా అతుకు అంచు నుంచే బుడగలు వస్తున్నాయి, మరెక్కడా రంధ్రం లేదు. అమ్మకందారేమో, వాడిన సరుకును వెనక్కి తీసుకోబోమని అంటున్నారు. ఇప్పుడు ఏమి చేయాలి?

జవాబు 3 – హైదరాబాదు సభ్యుడు

బుడగలు వస్తున్న అతుకూ, ట్యూబు మీద అచ్చైన పేరూ ఒకే చిత్రంలో కనబడేలా వీడియో తీసి, ఆర్డరు రసీదుతో పాటు లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపండి. బిగించి చూస్తే గాని బయటపడని తయారీ లోపాన్ని 'వాడిన సరుకు' అని తోసిపుచ్చడం న్యాయం కాదు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం పొట్లం మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం ఉండాలి. అవి లేకుంటే ఆ సంగతి కూడా ఫిర్యాదులో చేర్చండి.

ఈసారి కొనేటప్పుడు తయారీదారు పేరు దాచని సరుకునే ఎంచుకోండి. మన హైదరాబాదులోనూ లూధియానాలోనూ సైకిలు ట్యూబులు చేసే కంపెనీలు ఉన్నాయి. ఐఎస్ఐ గుర్తు వేసి ఉంటే దానితో ఉన్న లైసెన్సు సంఖ్యను, ఆ గుర్తును ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అది నిజమైనదో కాదో చూసుకోవచ్చు. మీరు ఆ పేజీలో సమీక్ష రాస్తే మాత్రం కొలత, వాల్వు రకం, పొట్లం మీది తయారీ నెల, గాలి కారిన చోటు తప్పకుండా పేర్కొనండి. ఆ నాలుగు వివరాలు ఉన్న సమీక్ష అక్కడ ఒక్కటీ కనబడలేదు.