మాల్దీవుల బాయ్‌కాట్ పనిచేసిందా? మన కోపం మనకు మేలు చేసిందా?

గోదావరి_గట్టు:
2024 జనవరిలో ప్రధాని మోదీ లక్షద్వీప్ వెళ్లి ఫొటోలు పెడితే, మాల్దీవుల ఉపమంత్రులు ముగ్గురు ఆయన్ను అవమానిస్తూ పోస్టులు పెట్టారు. వాళ్ల ప్రభుత్వమే వాళ్లను సస్పెండ్ చేసింది. అయినా మనవాళ్లు టికెట్లు క్యాన్సిల్ చేసుకున్నారు. ఒక ట్రావెల్ కంపెనీ ఫ్లైట్ బుకింగులే ఆపేసింది. మన సైనికులు తమ దేశం విడిచి వెళ్లాలనే ‘ఇండియా అవుట్’ ప్రచారంతో గెలిచిన మాల్దీవుల అధ్యక్షుడు ముయిజ్జు అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీ వచ్చారు. బాయ్‌కాట్ దెబ్బకే దిగొచ్చారని మా ఆఫీసులో అందరూ అంటున్నారు. మీరేమంటారు?

రవ్వ_దోస:
ముమ్మాటికీ పనిచేసింది. 2023లో మనవాళ్లు 2.09 లక్షల మంది వెళ్లారు, అన్ని దేశాల్లోకీ మనమే ఫస్ట్. 2024లో అది 1.3 లక్షలకు పడింది. టూరిజం మీదే బతికే దేశానికి అది చిన్న దెబ్బ కాదు. మన సాయం తీసుకుని మన ప్రధానినే తిడితే ఊరుకోవాలా?

మంజీర_తీరం:
రవ్వ_దోస గారూ, మీ అంకెలు నిజమే, కానీ అవి సగం లెక్క. అదే 2024లో మాల్దీవులకు వచ్చిన మొత్తం టూరిస్టులు 20 లక్షలు దాటారు, 2023 కంటే ఎక్కువ. మనం వదిలిన మొదటి స్థానం చైనాకు పోయింది.

ముయిజ్జును ఢిల్లీ రప్పించింది అప్పులు. విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. సుకుక్ బాండ్ల (ఇస్లామిక్ పద్ధతిలో తెచ్చిన అప్పు) వాయిదా కట్టగలరా లేదా అని ఆ సెప్టెంబరులో రాజధాని మాలేలో ఒకటే టెన్షన్. అప్పుడు స్టేట్ బ్యాంక్ దగ్గరున్న 5 కోట్ల డాలర్ల ట్రెజరీ బిల్లులకు (ఆ ప్రభుత్వం తీసుకున్న స్వల్పకాలిక అప్పు) మరో ఏడాది గడువిచ్చింది మనమే. అక్టోబరులో 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్ (తమ కరెన్సీ ఇచ్చి డాలర్లు తీసుకునే సదుపాయం), దానికి తోడు 3,000 కోట్ల రూపాయలది ఇంకొకటి. కష్టంలో చెయ్యి అందించేవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చారు.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. గొడవ ముదిరిన 2024 ఏప్రిల్‌లోనే కేంద్రం మాల్దీవులకు బియ్యం, ఉల్లి, గుడ్ల ఎగుమతి కోటా పెంచింది. 1981లో ఆ ఏర్పాటు మొదలయ్యాక అంత కోటా ఎప్పుడూ లేదు. గుడ్లే 42 కోట్లకు పైగా. మన ఉల్లి ఎగుమతుల మీద నిషేధం ఉన్న రోజులవి! ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకు నా నమస్కారం.

సైనికుల విషయమూ అంతే. అప్పుడు అక్కడున్నది ఎనభై మంది దాకా, రెండు హెలికాప్టర్లు, ఒక చిన్న డోర్నియర్ విమానం. ప్రసవం కష్టమైన మనిషినో, గుండెపోటు వచ్చిన పెద్దాయననో దూరపు దీవి నుంచి ఆసుపత్రికి చేర్చడం వాళ్ల ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఎంత మంచి పనైనా, తమ నేల మీద పరాయి సైన్యం వద్దనే హక్కు ఐదు లక్షల జనాభా ఉన్న దేశానికీ ఉంటుంది. మన గడ్డ మీద అయితే మనం ఒప్పుకుంటామా? ఢిల్లీ పంతానికి పోలేదు. మే 10 గడువులోపు సైనికులను వెనక్కి పిలిచి, వాళ్ల చోట సివిలియన్ టెక్నీషియన్లను పెట్టింది. హెలికాప్టర్లు అక్కడే ఉన్నాయి.

విశాఖ_అల:
మరీ అంత మెతకదనం పనికిరాదండీ. మనతో ఉన్న సముద్ర సర్వే ఒప్పందాన్ని వాళ్లు పొడిగించలేదు. 2024 ఫిబ్రవరిలో చైనా పరిశోధన నౌకను మాలేకు రానిచ్చారు. అక్కడి నుంచి లక్షద్వీప్‌లోని మన మినికాయ్ దీవి ఎంత దూరం? మార్చిలో మినికాయ్‌లో ఐఎన్ఎస్ జటాయు నేవీ స్థావరం పెట్టుకున్నాం కాబట్టి కాస్త ధైర్యం.

పాత_టీచరు:
నేను మాలేలో లెక్కలు చెప్పాను. 2014 డిసెంబరులో అక్కడి నీళ్ల ప్లాంటులో మంటలు రేగాయి. చుట్టూ సముద్రం, కుళాయిలో చుక్క లేదు. బాటిళ్ల కోసం పిల్లలతో సహా క్యూలో నిలబడ్డాం. మర్నాడే మన వైమానిక దళం నీళ్లు తెచ్చింది, వెనకే నేవీ ఓడ వచ్చింది. మా స్కూల్లో స్థానిక టీచర్లు నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పారు. 1988లో కిరాయి సైనికుల కుట్రను మన పారాట్రూపర్లు అణచిన కథ కూడా వాళ్ల ఇళ్లలో విన్నాను. ముగ్గురు ఉపమంత్రుల నోటిదురుసుకు ఆ జనమందరినీ తిట్టడం చూసి నాకు చాలా బాధేసింది.

మంజీర_తీరం:
టీచరు గారూ, ఈ మాట మీరు చెప్పడం బాగుంది. విశాఖ_అల గారూ, జటాయు ఉండాల్సిందే, అందులో మీతో గొడవ లేదు. మన ఒడ్డున మనం బలపడటం వేరు, పొరుగువాణ్ణి అవమానించడం వేరు. 2025 జులైలో వాళ్ల 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి మోదీనే ముఖ్య అతిథిగా పిలిచారు. చైనా కట్టిన వంతెన 2018లోనే మాలేను విమానాశ్రయం దీవితో కలిపింది. మన డబ్బుతో, మన కంపెనీ కడుతున్న మాలేను పక్క దీవులతో కలిపే 6.74 కిలోమీటర్ల తిలమాలే వంతెన పని మాత్రం అనుకున్న గడువు దాటిపోయింది. త్వరగా పూర్తి చేయమని ముయిజ్జు ప్రభుత్వమే అడిగింది. చైనా గురించి దిగులుంటే ముందు ఆ ఆలస్యం మీద మన ఎంపీలను నిలదీయండి.